పోలిరాజు హాజరు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఐదుగురు. వంటగది గుమ్మానికి ఆనుకుని కూర్చున్న అమ్మ గవరమ్మ. కిటికీ పక్కన చాప మీద నాయనమ్మ యర్రమ్మ. వలల మూట మీద, కూర్చున్నాడో లేవబోతున్నాడో తెలియకుండా మేనమామ కన్నారావు. ప్లాస్టిక్ కుర్చీలో పోర్ట్ బ్లెయిర్ నుంచి స్కూటీ మీద వచ్చిన వకీలు శ్రీలక్ష్మి. ఆమె వెనక, గోడకీ బీరువాకీ మధ్య సందులో ఒదిగి నిలబడ్డ ప్రమోద. నాయనమ్మ లెక్కలో మాత్రం ఆరుగురు. ఆరో మనిషి ఆమె ఒడిలో, ఎర్ర గుడ్డలో చుట్టిన ఫోనై ఉన్నాడు.

అది ప్రమోద నాన్న పోలిరాజు ఫోను. జులైలో ఒక తెల్లవారుజామున దాన్ని ఛార్జింగుకు పెట్టి, మరచిపోయి వేటకు వెళ్లాడు. మర్నాడు పొద్దున్న రట్లాండ్ దీవి వైపు కన్నారావుకి అతని పడవ ఎదురైంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. వల సగం నీళ్లలో, సగం పడవలో ఉంది. మనిషి లేడు.

సముద్రం శవాన్ని తెచ్చి ఇచ్చేదాకా పోయాడన్న మాట అనకూడదు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఈ దీవుల్లోని వండూరుకి వచ్చిన ముత్తాతల నాటి నుంచీ ఆ ఇంటి పద్ధతి అది. రోజూ సంజెవేళ సముద్రం వైపు దీపం పెట్టి, మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పలికినా పలకకపోయినా పిలవాలి. పోలీసులకు చెబుదామని కన్నారావు రెండుసార్లు బయల్దేరితే, నాయనమ్మ రెండుసార్లూ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. కాగితం మీద రాస్తే సముద్రం చదువుకుంటుందని అంది. అలా ఐదు నెలలు గడిచాయి. అమ్మ చేతులకు గాజులు ఉన్నాయి. రేషన్ కార్డులో నాన్న ఉన్నాడు.

మొన్న గురువారం నోటీసు వచ్చింది. బతికున్న గ్రూపర్ చేపలు కొనే పరదేశపు కంపెనీ ఒకటి, పోలిరాజు ఒప్పుకున్న ప్రకారం చేప పంపలేదని తన దేశంలో తగవు పెట్టి గెలిచింది. హామీగా రాసిన పడవ ఇక కంపెనీదే. ఆ తీర్పుని ఇక్కడ అమలు చేయాలా వద్దా అన్నది సోమవారం కోర్టు చూస్తుంది. ఆ పడవ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇదంతా అయ్యాక, నోటీసు చివర ఒక చిన్న వాక్యం ఉంది. సెప్టెంబరు పద్దెనిమిదిన సాయంత్రం జరిగిన విచారణకు ప్రతివాది పోలిరాజు హాజరయ్యాడు.

నాన్న సముద్రంలోకి వెళ్లిన రెండు నెలల తర్వాత అన్నమాట.

ఆ వాక్యం చదివించుకున్న దగ్గర్నుంచీ అమ్మ అన్నం ముట్టలేదు. భయపడుతోందో ఆశపడుతోందో ప్రమోదకు తెలియలేదు. రాత్రుళ్లు భయమూ ఆశా ఒకే రకంగా ఊపిరి తీస్తాయని మాత్రం తెలిసింది.

"కాయితం మీద బావ బలే ఉన్నాడు" అన్నాడు కన్నారావు. "ఆరోగ్యంగా, కోర్టులకి తిరుగుతా. మనకే అగుపడ్నేదు."

శ్రీలక్ష్మి సంచిలోంచి లాప్‌టాప్ తీసి స్టూలు మీద పెట్టింది. ఆమె ఈ దీవుల్లో పుట్టిన మనిషే. వాళ్ల నాన్నది సోంపేట వైపు. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. ఆ విచారణ ఒక గదిలో జరగలేదని, ఫోనుల్లోనే జరిగిందని, దాని రికార్డు తెప్పించానని చెప్పింది.

అసలు బయటి దేశపు పంచాయితీ మన పడవ మీదికి ఎలా వస్తుందని కన్నారావు అడిగాడు. తిట్టడానికి వీల్లేని చట్టం ఇది అంది శ్రీలక్ష్మి. దేశాలన్నీ కూర్చుని రాసుకున్నాయి. ఒక దేశంలో చేప పట్టేవాడికీ ఇంకో దేశంలో కొనేవాడికీ పేచీ వస్తే ఎవరి కోర్టుకు పోవాలి? అందుకని మధ్యవర్తిని పెట్టుకుంటారు. అతని తీర్పుని ఏ దేశమైనా అమలు చేస్తుంది. రేపు ఆ కంపెనీయే మనల్ని ముంచితే మనకూ అదే దిక్కు.

"మంచిదే కదా మరి" అన్నాడు కన్నారావు.

"మంచిదే, భయ్యా. దానికి ఒక్కటే ప్రాణం. రెండోవాడికి కబురు అందాలి, వాడి మాట వినాలి. అది లేకపోతే తీర్పు కాదు, దౌర్జన్యం. ఇదివరకు కోర్టు అమీనా వచ్చి మనిషి ముఖం చూసి కాగితం చేతికిచ్చేవాడు. ఆలస్యం అవుతోందని, ఖర్చు అవుతోందని దాన్ని మార్చారు. ఇప్పుడు ఫోనుకి చేరితే మనిషికి చేరినట్టే. ఎత్తితే వచ్చినట్టే. బస్, అంతే."

ఆమె మీట నొక్కింది.

తెర మీద నాలుగు గళ్లు. ఒక గడిలో కళ్లద్దాల పెద్దమనిషి, మధ్యవర్తి. పక్క గడిలో కంపెనీ వకీలు. మూడో గడిలో గుమస్తా ఎవరో. నాలుగో గడి చీకటి. చీకటి కింద పోలిరాజు అని ఇంగ్లీషులో పేరు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా దాన్ని ఇంగ్లీషు చేసి, ముందు ఆ గడి పేరు వేసి అడుగున రాసే యంత్రం ఒకటి ఆ పిలుపులో ఉందని శ్రీలక్ష్మి చెప్పింది.

చీకటి గడిలోంచి మొదట అలల చప్పుడు వచ్చింది. అది వండూరు ఒడ్డు చప్పుడే. కిటికీలోంచి ఇప్పుడు వస్తున్నదీ అదే. రెండూ కలిసిపోయి, ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో తెలియకుండా పోయింది. చీకటిలో ఒక మూల పసుపు చుక్కలాంటి వెలుగు ఊగుతోంది.

మధ్యవర్తి ఏదో అడిగాడు. వినబడుతోందా అంటున్నాడని శ్రీలక్ష్మి చెప్పింది.

"ఆఁ, నాయనా" అంది చీకటి.

బొంగురు గొంతు. అమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆమె పెదవులు ఒక పేరు పలకబోయి ఆగాయి.

మధ్యవర్తి రెండో ప్రశ్న వేశాడు. మీరు పోలిరాజేనా, పేరు చెప్పి నిర్ధారించండి, అని.

తర్వాత అదే గొంతు, లోతుగా సాగదీస్తూ, గాలికి ఎదురు పిలిచినట్టు పిలిచింది.

"పోలిరాజూ... పోలిరాజూ... పోలిరాజూ..."

యంత్రం తన పని తాను చేసింది. పోలిరాజు: పోలిరాజు. పోలిరాజు. పోలిరాజు. మధ్యవర్తి తల పంకించి, గుర్తింపు సరిపోయిందని కాగితం మీద రాసుకున్నాడు.

ఇంట్లో నలుగురూ ఒక్కసారే నాయనమ్మ వైపు తిరిగారు. ఐదు నెలలుగా ప్రతి సంజెవేళ వింటున్న పిలుపు అది. అడ్డపొగ తాగి తాగి నాయనమ్మ గొంతు ఎప్పుడో మగగొంతైపోయింది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే ముసలమ్మ గొంతు అలాగే ఉంటుందని వండూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కళ్లద్దాల పెద్దమనిషికి తెలియదు.

నాయనమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది, తనకు సంబంధం లేనట్టు. కానీ ఆమె చేయి ఎర్ర గుడ్డను నిమురుతోంది, పసిబిడ్డ వీపు నిమిరినట్టు.

తెర మీద విచారణ సాగుతోంది. కంపెనీ కోరికను మీరు కాదంటారా అని అడిగారు. నీ ఇష్టం నాయనా, నువ్వెలా అంటే అలాగే, అంది నాయనమ్మ. యంత్రం తప్పు చేయలేదు. మీ ఇష్టం, మీరెలా అంటే అలాగే, అని ఉన్నదున్నట్టు రాసింది. పడవ ఇవ్వడానికి అభ్యంతరం ఉందా అన్నారు. నువ్వు తిన్నావా అని అడిగింది నాయనమ్మ. మధ్యవర్తి అది చదివి చిన్నగా నవ్వి, తిన్నానని మర్యాదగా జవాబిచ్చాడు. పదిహేడు నిమిషాల్లో అంతా అయిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి మూడు గళ్లూ ఆరిపోయాయి.

శ్రీలక్ష్మి ఆపబోయి ఆగింది. నాలుగో గడి ఇంకా తెర మీదే ఉంది.

ఎవరూ లేని పిలుపులో నాయనమ్మ మాట్లాడుతూనే ఉంది. వంటింటి పైన రేకు ఎగిరిపోయిందని చెప్పింది. ఆగింది. కన్నారావు వేస్తానన్నాడులే అంది. ఆగింది. మన ప్రమోద గుంటకి జొరం, పడుకుని ఉంది, లేపమంటావా అంది. ఈసారి చాలాసేపు ఆగింది. అవతల ఎవరో నిదానంగా జవాబు చెబితే ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, సర్లే అంది.

ఆ ఆగిన చోట యంత్రం ఒక పేరు వేసింది. పోలిరాజు, పక్కన రెండు చుక్కలు. ఆ తర్వాత ఏమీ రాయలేదు.

"ఏటది?" అన్నాడు కన్నారావు.

చప్పుడు వినబడితే యంత్రం పేరు వేస్తుందని, మాటలు దొరకకపోతే ఖాళీగా వదిలేస్తుందని శ్రీలక్ష్మి చెప్పింది. గాలి అయి ఉంటుందంది. చెబుతూనే లాప్‌టాప్ మూత గబగబా మూసింది.

కాసేపటికి ఆమె వెనక్కి తిరిగి, ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారని ప్రమోదను అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ప్రమోద దగ్గర ఉంది. ఎనిమిదో తరగతి నుంచీ ఆమె డైరీ రాస్తోంది. ప్రతి పేజీలోనూ మొదట ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు రాస్తుంది. ఊళ్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని పిల్ల, మనుషుల్ని అలా కాగితం మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పుకుంటుంది. ఆ నోటుపుస్తకం ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.

బీరువా కిందనుంచి తీసింది. సెప్టెంబరు పద్దెనిమిది తెరిచింది. శ్రీలక్ష్మికి ఇవ్వబోయింది.

"నువ్వే చదువు, బేటీ. నాకు టైమ్ పడుతుంది."

ప్రమోద పేజీ మీద వేలు పెట్టింది. "గురువారం. ఇంట్లో ఉన్నవాళ్లు, నాయనమ్మ, నేను. అమ్మ బజారుకి. మామయ్య జెట్టీకి. జ్వరం కొంచెం తగ్గింది." అక్కడ ఆగిపోయింది.

కిందనున్న రెండు వాక్యాలు ఆమె ఆ క్షణం దాకా మరచిపోయింది. ఇప్పుడు అవి ఆమెను చూస్తున్నాయి.

చదవమని అమ్మ సైగ చేసింది. ప్రమోద చదివింది. నాన్న ఫోను పదే పదే మోగుతోంది, ఎలా ఎత్తాలి అని నాయనమ్మ అడిగింది. పచ్చదాన్ని పక్కకి జరపాలని చూపించి పడుకున్నాను.

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

శ్రీలక్ష్మి పుస్తకం అడిగి తీసుకుని, ఆ పేజీ ఫోటో తీసుకుంది. ఇది బలమే గానీ సరిపోదంది. ఆ గొంతు ఎవరిదో ఆ గొంతే కోర్టుకొచ్చి చెప్పాలి. ఫోను కూడా, ఉన్నది ఉన్నట్టుగా, కోర్టు ముందు పెట్టాలి. అప్పుడు ఈ మనిషికి కబురు అందలేదు, ఈ మనిషి మాట ఎవరూ వినలేదు అని తను లేచి చెప్పగలదు. దేశాలన్నీ రాసుకున్న ఆ చట్టంలోనే దానికి చోటుంది.

"కానీ ఇంకో ముప్పు ఉంది. నాలుగింటికి కంపెనీవాళ్లు ఆ నంబరుకి మళ్లీ చేస్తారు. రాజీ పిలుపు. నాకూ నోటీసు ఇచ్చారు. పడవ ఇష్టపూర్వకంగా ఇస్తానని ఆ గొంతు ఇంకొక్కసారి అందంటే రికార్డైపోతుంది. సోమవారం నేను నిలబడినా నోట్లో మాట ఉండదు. సమజ్ అయిందా? ఫోను ఎత్తకూడదు."

కన్నారావు లేచాడు. ముసలిదాని చేతిలోంచి లాక్కుని స్విచ్ ఆపేస్తే పోతుంది, దానికింత కథెందుకన్నాడు. నాయనమ్మ మొదటిసారి తల తిప్పి అతన్ని చూసింది. కన్నారావు మళ్లీ వలల మూట మీద కూర్చున్నాడు.

లాక్కోవద్దని శ్రీలక్ష్మి గట్టిగా చెప్పింది. సాక్షి ఆవిడే. ఇవాళ లాక్కుంటే సోమవారం నోరు విప్పదు. ఇష్టంగా ఇవ్వాలి. పడవ ఖాళీగా దొరికిన సంగతి కన్నారావు ప్రమాణపత్రంలో చెప్పాలి కాబట్టి అతన్ని వెంటనే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్తున్నానంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ప్రమోద భుజం మీద చేయి వేసి, ఆవిడ నీ మాట వింటుంది, నువ్వే అడుగు, అంది. ప్రమోద తలూపింది. ఎప్పుడూ ఊపినట్టే.

స్కూటీ చప్పుడు మలుపు దాటాక ఇల్లు బావిలా అయింది. మూడూ పది. డిసెంబరు ఎండ అప్పుడే ఎర్రబడుతోంది. ఈ దీవుల్లో ఐదు కొట్టేసరికి చీకటి.

ప్రమోద ముందు వంటగదిలోకి వెళ్లింది. అమ్మ చేప కడుగుతోంది. కడిగిన చేపనే మళ్లీ కడుగుతోంది. నువ్వు అడగొచ్చు కదమ్మా అంది ప్రమోద, నాయనమ్మ నువ్వు అడిగితే కాదనదు.

"నన్ను లాగకు" అంది అమ్మ, తల ఎత్తకుండా. "ఆ గొంతు ఆడిది కాదని నేను ఒప్పుకుంటే ఈ గాజులు తియ్యాల. ఒప్పుకోకపోతే పడవ ఇయ్యాల. నాకు రెండు సేతులూ ఖాళీ నేవు."

అని, చేప మీద నీళ్లు పోసింది.

ప్రమోద ముందుగదిలోకి వచ్చింది. నాయనమ్మ చాప మీద నుంచి లేచి, పక్కగది గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ గదిలోనే ఆమె పడుకుంటుంది. అక్కడి కిటికీ సముద్రం వైపు. దీపం పెట్టేది అక్కడే. ఎర్ర గుడ్డ విప్పి ఫోనుని ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టింది.

"ఎల్లిపోయినారా?" అంది.

"వెళ్లిపోయారు."

"ఆ వకీలు పిల్ల మంచిదే. మాటలెక్కువ." చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది. "నీకేటి సెప్పి ఎల్లింది? ఫోను అడగమందా?"

ప్రమోద గోడకు జారగిలబడి కూర్చుంది. తను ఎలా అడగాలని అనుకుందో అదంతా మరచిపోయింది. ఆ రోజు పచ్చగుర్తు చూపించింది తనేనని, తప్పు తనదేనని, జ్వరంలో ఆలోచించకుండా చెప్పానని ముందు అది బయటపెట్టింది. నాయనమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"తప్పేటే? నువ్వు నేర్పకపోతే ఆడు పిల్సీ పిల్సీ ఊరుకుందుడు. తల్లి పలకనేదని ఆడు ఎంత బాదపడుదుడు?"

"నాయనమ్మా, ఆ రోజు మాట్లాడింది నాన్న కాదు. ఇందాక తెర మీద చూశావు కదా, కళ్లద్దాల ఆయన."

"ఆ బొమ్మలు నాకు అగుపడ్నేదు ఆ యాల. నాకు ఇనపడింది." నాయనమ్మ గొంతు తగ్గించింది. పక్కన నిద్రపోతున్నవాడిని లేపకూడదన్నట్టు. "ఆడి బాస నాకు తెల్లేదు, నిజమే. ఏటేటో అన్నాడు. ఉప్పునీల్లలో ఇన్నాల్లుంటే నాలిక ఎలా తిరుగుద్దే? మీ ముత్తాత సెప్పీవాడు. నీల్ల కింద ఉన్నోల్లకి మన బాస కరిగిపోద్దంట. అడిగింది మాత్రం తెలస్తది. ఇయ్యి, ఇయ్యి అని అడుగుతాడు. ఏటి అడిగినా ఇచ్చెయ్యాల. ఇస్తే ఒడ్డుకి వొస్తాడు."

పరదేశపు పెద్దమనిషి కళ్లద్దాలు సర్దుకుంటూ, పడవ ఇవ్వడానికి అభ్యంతరం ఉందా అని అడిగిన మాట నాయనమ్మకు అర్థమైంది. ఒక్క ఇంగ్లీషు ముక్క తెలియకుండా అర్థమైంది. కాకపోతే అడిగినవాడు ఎవరన్నదే వేరు.

ఇక్కడ నాన్న గురించి వాదిస్తే దారి మూసుకుపోతుందని ప్రమోదకు తోచింది. ఆమె మాటలు తక్కువైన పిల్ల. మాటలు తక్కువైనవాళ్లు ఒక్కో మాటనూ చాలాసేపు చూస్తారు. శ్రీలక్ష్మి అడిగినదాంట్లో రెండు మాటలున్నాయి. నాన్న లేడన్నది ఒకటి. ఆ గొంతు నాయనమ్మది అన్నది ఇంకొకటి. మొదటిది చెప్పకుండా రెండోది చెప్పలేమా?

"నాన్న గురించి నువ్వేమీ చెప్పొద్దు" అంది నెమ్మదిగా. "ఉన్నాడని వద్దు, లేడని వద్దు. ఆ రోజు ఫోను ఎత్తింది నేను, ఆ గొంతు నాది, నా పేరు యర్రమ్మ. ఇంతే చెప్పు. నీ గొంతు నీదని చెప్పడానికి సముద్రానికి కోపం ఎందుకొస్తుంది?"

నాయనమ్మ ఆ మాట నమిలింది. కిటికీలోంచి ఎర్రటి వెలుగు ఆమె చెంప మీద పడుతోంది. ఆమె ప్రమోద వేళ్లు దగ్గరికి తీసుకుని, ఒక్కొక్కటే విరుస్తూ, మెటికలు లెక్కబెడుతున్నట్టు కూర్చుంది.

"నా మాటకి ఆడి పేరు రాసీసినారా ఆ డబ్బాలో?" అంది చివరికి.

"అవును."

"నాను పిలిస్తే, ఆడు పలికినట్టు రాసుకున్నారా?"

"అవును నాయనమ్మా."

"అదేటి నాయం? తల్లి పిలుపు కొడుకు సంతకం ఎలాగవుద్ది?" ఆమె కళ్లలో పాత పోట్లాటల మెరుపు కనిపించింది. జెట్టీలో చేప తూకం దగ్గర మోసం పట్టుకున్నప్పుడు వచ్చే మెరుపు. "సెప్తాను. నా గొంతు నాదని సెప్పడానికి నాకేటి బయం? ఎంతమంది కోటులోల్లు ఉన్నా సెప్తాను. సోమారం నన్ను ఆటోలో తీసుకెల్లమను, బస్సు నాకు పడదు."

ప్రమోదకు ఏడుపొచ్చింది. ఇంత తేలికగా అవుతుందనుకోలేదు. వంటగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. అమ్మ వింటోంది.

"అయితే ఫోను నాకివ్వు. సోమవారం దాకా నా దగ్గర ఉంచుతాను. ఆపను. ఛార్జింగ్ పెడతాను, దీపం దగ్గరే పెడతాను. ఎవరు చేసినా ఎత్తకుండా చూస్తాను, అంతే."

నాయనమ్మ ఫోను తీసింది. అరచేతిలో పెట్టుకుని ప్రమోద వైపు చాపింది. ప్రమోద వేళ్లు దాని అంచుకు తగిలాయి. వెచ్చగా ఉంది. ముసలమ్మ ఒడి వేడి అది, ఇంకేమీ కాదు, అనుకుంది.

అప్పుడు నాయనమ్మ అడిగింది.

"నా గొంతు నాదే. మరి ఆ యాల నన్ను పిల్సినోడు ఎవడే?"

జవాబు చెప్పకుండా ఉండవచ్చు. ఊరుకోవడం ప్రమోదకు పుట్టుకతో వచ్చిన విద్య. తెలియదు అన్నా సరిపోయేది. గాలి అన్నా సరిపోయేది. కానీ మూడు రోజులుగా ఆ ఇంట్లో అందరూ ఒక మాట చుట్టూ తిరుగుతూ, దాన్ని తొక్కకుండా నడుస్తున్నారు. ఫోను సగం తన చేతిలో ఉంది. సోమవారం కోర్టులో కంపెనీ వకీలు ఇదే ప్రశ్న నాయనమ్మను అడుగుతాడు. అప్పుడు ఆమె నా కొడుకు అంటే అంతా మునిగిపోతుంది. ప్రమోదకు అబద్ధం చెప్పడం రాలేదు.

"ఎవరో, నాయనమ్మా" అంది. "నాన్న మాత్రం కాదు. నాన్న ఇక పిలవడు."

ఐదు నెలల్లో ఆ ఇంట్లో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. వంటగదిలో అమ్మ గాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి.

నాయనమ్మ ముఖం నెమ్మదిగా మారింది. కోపం రాలేదు. ఎవరో పిలిస్తే అటు చెవి ఒగ్గినవాళ్ల ముఖంలా అయింది. ఆమె కళ్లు ప్రమోదను దాటి, గోడను దాటి, ఎక్కడికో వెళ్లాయి. సముద్రం చప్పుడు కూడా తగ్గినట్టు అనిపించింది.

ఫోను మోగింది.

ఇద్దరి చేతుల మధ్యా అది వణికింది. ప్రమోద గోడ గడియారం చూసింది. మూడూ నలభై. నాలుగింటికి అని కదా శ్రీలక్ష్మి చెప్పింది. సెప్టెంబరులో ఆ రోజు కంపెనీ చేసినప్పుడు తెర మీద పొడుగ్గా ఒక నంబరు పడింది, తను చూసింది. ఇప్పుడు తెర మీద నంబరు లేదు. పేరు లేదు. పచ్చగుర్తు ఒక్కటే, పక్కకి జరపమని ఊగుతోంది.

"ఎత్తొద్దు, నాయనమ్మా."

ఆమె అప్పటికే ఫోను లాక్కుంది. ఎనభై ఏళ్ల వేళ్లకు అంత బలం ఉందని ప్రమోదకు తెలియదు. గుమ్మం పట్టుకుని లేచింది. ప్రమోద ఆమె చీరచెంగు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి గట్టిగా, ఇల్లంతా వినబడేలా, పడవ పోతుంది నాయనమ్మా, సరే అనొద్దు, ఏమడిగినా సరే అనొద్దు, అంది. వంటగదిలోంచి అమ్మ పరుగున వచ్చి, రెండడుగుల దూరంలో నిలిచిపోయింది. ఆమె చూపు మోగుతున్న ఫోను మీద ఉంది. ఆ చూపులో ఆపాలని ఉందో, ఎత్తాలని ఉందో ప్రమోద చెప్పలేకపోయింది.

నాయనమ్మ చెంగుని మెల్లగా, ఒక్కో వేలూ విడదీసి, ప్రమోద చేతిలోంచి తీసుకుంది. ఆమె చేయి చల్లగా ఉంది.

"నువ్వన్న మాట ఆడు ఇన్నాడు, గుంటా" అంది. "అందుకే పిలుస్తన్నాడు."

గదిలో సంజె వెలుగు కిటికీ దాకా వచ్చి ఆగింది. ఫోను ఏడోసారి మోగుతుండగా నాయనమ్మ బొటనవేలు పచ్చగుర్తు మీదికి వెళ్లింది. ప్రమోద నేర్పినట్టే, తడబడకుండా, దాన్ని పక్కకి జరిపింది. మోత ఆగింది. నాయనమ్మ ఫోను చెవికి ఆనించుకుని, లోపలికి ఒక అడుగు వేసి, ప్రమోద ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.